అమీర్‌పేటలో దొరకని చదువు

నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దలు. ఆ నాలుగు విధాలూ ఏమిటో ఏ పెద్దా విప్పి చెప్పిన దాఖలా నాకు కనిపించలేదు. ముప్పై మూడేళ్ళు తెలుగు పండితుడిగా పిల్లలకు సామెతలు చెప్పి బతికినవాణ్ణి. ఏ పిల్లవాడైనా లేచి ఈ ప్రశ్న అడుగుతాడేమోనని భయపడుతూనే సర్వీసు పూర్తి చేశాను. ఎవరూ అడగలేదు. అంతకన్నా కష్టమైన ప్రశ్న ఒకటి అడిగినవాడు మాత్రం, నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడేళ్ళకు, అమీర్‌పేటలో ఒక టీ కొట్టు దగ్గర తగిలాడు.

మేముండేది పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో. సాయంత్రాలు అమీర్‌పేట దాకా నడిచి వెళ్ళి రావడం నాకు వైద్యుడు విధించిన వ్యాయామం. మైత్రీవనం పరిసరాలు మిత్రులలో చాలామందికి తెలిసినవే. అంతస్తుకొక సంస్థ, సంస్థకు పది బోర్డులు, బోర్డుకొక కోర్సు. విద్యలు పద్నాలుగని, కళలు అరవై నాలుగని మన పూర్వులు లెక్క కట్టారు. అమీర్‌పేట ఆ లెక్కను ఎన్నడో దాటిపోయింది. జావా, ఒరాకిల్, శాప్ అంటూ నోరు తిరగని విద్యలెన్నో ఇక్కడ నెలల లెక్కన నేర్పుతారు. వాటికోసం ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్ళలో గదికి నలుగురు చొప్పున సర్దుకొని, కర్రీ పాయింట్ల కూరలతో కడుపు నింపుకొంటూ ఉంటారు.

అటువంటి పిల్లల గుంపులోంచి ఒకడు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. నల్లగొండ జిల్లాలో నేను పనిచేసిన ఆఖరి బడిలో పదో తరగతి చదివినవాడు. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చివరకు మీకే తెలుస్తుంది.

"గుర్తుపట్టిండ్రా సార్?"

"పట్టకేం నాయనా! శ్రీనాథుడి మీద వ్యాసం వ్రాయమంటే, శ్రీనాథుడు మన ఊరి హోటల్లో టిఫిను చేసినట్టు వ్రాసి నా చేత దెబ్బలు తిన్నవాడివి కదూ! ఇప్పుడేం చేస్తున్నావు? జావాయా, మరొకటా?"

"కామెడీ రాస్తున్న సార్. టీవీకి. స్కిట్లు."

సంతోషించాను. ఏ కార్యక్రమమో చెప్పు, చూస్తానన్నాను. వాడు టీ గ్లాసులోకి చూస్తూ, "చూడండి సార్, గని నా పేరు పడదు" అన్నాడు. రెండేళ్ళుగా ఒక జట్టుకు వ్రాసి ఇస్తున్నాడట. స్కిట్‌కు కొంత చేతిలో పెడతారు, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ తరువాత అడిగాడు అసలు ప్రశ్న.

"ఇక్కడ అన్నిటికి కోచింగులున్నయి గద సార్. దీనికెక్కడన్న ఉంటదా? నేను రాసింది మంచిగుందో లేదో, లేకుంటే ఎందుకు లేదో చెప్పేటోళ్ళు?"

పండితుణ్ణి కనుక వెంటనే ఏదో ఒకటి చెప్పవలసిన అలవాటు నాది. ఆనాడు ఏమీ చెప్పలేకపోయాను. "ముందు డీఎస్సీ వ్రాయి, తరువాత చూద్దాం" అని, అడగని ప్రశ్నకు జవాబు చెప్పి ఇంటికి వచ్చాను. కాని ప్రశ్న మనసులో ఉండిపోయింది. తెలుగులో నవ్వు వ్రాయదలచిన కొత్తవాడికి ఎవరైనా, ఎప్పుడైనా చేయి అందించారా? అందిస్తే ఎవరు, ఎట్లా? తెలిసినంతలో వెతికి చూసినదే ఈ వ్యాసం.

*

మొదలు నుంచీ మొదలుపెట్టడం మా పండితుల జబ్బు. మన్నించాలి.

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యరసాన్ని చెబుతూ నవ్వును ఆరుగా విభజించాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. పళ్ళు కనబడని చిరునవ్వు మొదలు, కళ్ళనీళ్ళు తిరిగి పక్కలు పట్టుకొనే నవ్వుదాకా మెట్లు కట్టాడు. దశరూపకాలలో ప్రహసనానికి చోటిచ్చాడు. అంటే మనకు శాస్త్రం లేకపోలేదు.

శిక్షణ కూడా ఉంది. బ్రహ్మ వద్ద నేర్చిన నాట్యవేదాన్ని భరతుడు తన నూర్గురు కొడుకులకు నేర్పాడని ఆ గ్రంథమే చెబుతుంది. మరి ఆ శిష్యులు ఏం చేశారు? గ్రంథం చివరికి వచ్చేసరికి, నేర్చిన విద్య తలకెక్కి, మునులనే వెక్కిరిస్తూ ప్రహసనాలు ఆడారు. మునులు కోపించి శపించారు. ఎక్కడ ఆపాలో తెలియని హాస్యం వ్రాసినవాడికే ఎదురు తిరుగుతుందని చెప్పడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ నాకు తెలియదు. ఒకటి గమనించండి. శాపం తగిలినా విద్య నశించలేదు. భూలోకానికి దిగివచ్చింది.

తెలుగులో అచ్చు వచ్చాక ఆ విద్య పత్రికలలో కాపురం పెట్టింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధనికి తోడుగా 1876లో హాస్యసంజీవనిని వెలువరించారు. ప్రహసనమనే ప్రక్రియను సంఘానికి చికిత్సగా వాడుకొన్నారు. ఆ తరువాతి తరంలో హాస్యబ్రహ్మ భమిడిపాటి కామేశ్వరరావుగారు, కాంతాన్ని మనింటి ఆడపడుచును చేసిన మునిమాణిక్యం నరసింహారావుగారు, ఇద్దరూ బడిపంతుళ్ళే. నా జాతివాళ్ళని కాదు గాని, నలభైమంది పిల్లల ముందు రోజూ నిలబడేవాడికి నవ్వు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ చస్తుందో పాఠం చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. ముళ్ళపూడి వెంకటరమణగారు ఆంధ్రపత్రికలో పనిచేస్తూ చేయి తిప్పుకొన్నారు. ఆ కాలంలో కొత్త రచయితకు బడి పత్రికే, గురువు సంపాదకుడే. పంపిన కథ తిరిగి రావచ్చు. కాని ఏ వాక్యం దగ్గర కాలు జారిందో చెబుతూ ఒక పోస్టుకార్డు ముక్క కూడా వచ్చే అవకాశం ఉండేది.

రెండో బడి నాటక పరిషత్తు. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడ్డ తరువాత, ఊరూరా పరిషత్తులు వెలిశాయి. పోటీలలో నటులకు, దర్శకులకు ఇచ్చినట్టే రచనకూ బహుమతి ఇవ్వడం ఆనవాయితీ అయింది. మూడు రోజులపాటు తెల్లవార్లూ సాగే ఆ పోటీలలో ప్రేక్షకుడే పరీక్షాధికారి. నవ్వు రావలసిన చోట రాకపోతే రచయితకు ఆ క్షణంలోనే తెలిసిపోయేది. 'గుండెలు మార్చబడును' వంటి నాటకాలతో పేరు తెచ్చుకొన్న జంధ్యాలగారు ఆ రంగస్థలం మీదుగానే 1976లో 'సిరిసిరిమువ్వ' మాటల రచనకు వెళ్ళి, 1981లో 'ముద్దమందారం'తో దర్శకులయ్యారు. 2001లో కన్నుమూసేనాటికి తెలుగు హాస్యానికి ఆయన పేరు పర్యాయపదమైంది. 1998 నుంచి ప్రభుత్వం నంది నాటకోత్సవాలు జరిపి ఈ సంప్రదాయానికి కొంత ఊపిరి పోసింది. కొత్తవాళ్ళను పైకి తెచ్చే పథకమంటూ మనకు ఏదైనా ఉన్నదంటే, ఆ మాట వాడకుండానే దాన్ని నడిపినవి ఈ పరిషత్తులే.

*

మూడో బడి ఆకాశవాణి. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. పదిహేను నిమిషాల హాస్యనాటిక, అరగంట నాటిక అనే కొలతలు మనకు రేడియో నేర్పినవే. దృశ్యం లేనందున మాట మీదనే నవ్వు నిలబడాలి. ఈ క్రమశిక్షణ పొందినవాళ్ళు తరువాత ఎక్కడికి వెళ్ళినా రాణించారు.

ఆ వెనుక దూరదర్శన్. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికావారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపించిన ప్రయోగంలో మన రాష్ట్రమూ ఉంది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రం మొదలైంది. ఢిల్లీ నుంచి 1984లో 'యే జో హై జిందగీ' వచ్చినప్పుడు దాని రచయిత హిందీ వ్యంగ్యకారుడు శరద్ జోషీ అని తెలిసి, పత్రికల హాస్యం పెట్టెలోకి కూడా వెళ్ళగలదని నాబోటివాళ్ళకు ఆశ పుట్టింది. తెలుగులో 'ఆనందోబ్రహ్మ'తో ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారు ఇంటింటి మనిషయ్యారు. ఆయన అక్కడినుంచి సినిమాకు వెళ్ళి, 2013లో మరణించేదాకా మనల్ని నవ్విస్తూనే ఉన్నారు.

ఇక్కడ నా కథ ఒక పిడికెడు చెప్పుకోవాలి. 1985లో, అంటే ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, నేనూ ఒక అరగంట హాస్యనాటిక వ్రాశాను. పేరు 'సంధి కుదిరింది'. వ్యాకరణం తప్ప మరేమీ తెలియని పండితుడు పెళ్ళిచూపులకు వెళ్ళడం అందులోని విషయం. సవర్ణదీర్ఘసంధి మీద అందులో ఉన్నన్ని చమత్కారాలు తెలుగు దేశంలో మరెక్కడా ఉండవని నా నమ్మకం. ఒక ప్రసార సంస్థకు రిజిస్టరు పోస్టులో పంపాను. నాలుగు నెలలకు తిరిగి వచ్చింది. లోపల ఒక అచ్చు కాగితం. తిరస్కరణకు నాలుగు కారణాలు వరసగా ముద్రించి, వర్తించే దానికి ఎదురుగా టిక్కు పెట్టేందుకు గళ్ళు గీశారు. నాలుగు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

నవ్వకండి. నలభై ఏళ్ళపాటు ఆ ఖాళీ గళ్ళు నాకు కలలోకి వచ్చాయి. తప్పు పెట్టినా భరించేవాణ్ణి. ఏ తప్పో తెలియకుండా తప్పాను. ఆ తరువాత మళ్ళీ హాస్యం జోలికి పోలేదు. నాటికను ట్రంకుపెట్టె అడుగున పెట్టి, పిల్లల కాగితాలు దిద్దుకొంటూ ఉండిపోయాను. ఒక్క నియమం మాత్రం పెట్టుకొన్నాను. సున్న మార్కులు వేసిన కాగితం మీద కూడా ఎందుకు వేశానో ఎర్ర సిరాతో ఒక ముక్క వ్రాయనిదే తిరిగి ఇవ్వలేదు.

*

మళ్ళీ అమీర్‌పేటకు వద్దాం. మైత్రీవనానికి కూతవేటు దూరంలోనే సారథి స్టూడియో ఉంది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' ఇక్కడే తయారయింది. తెలుగు సినిమా మద్రాసులో పాతుకొని ఉన్న రోజులవి. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చేసరికి పరిశ్రమ పూర్తిగా హైదరాబాదుకు తరలింది. దానితోపాటే టీవీ కూడా పెరిగింది. 1995లో జెమినీ, అదే ఏడు ఆగస్టులో ఈటీవీ మొదలయ్యాయి. అంతకుముందు కొద్ది గంటలు తెలుగు వినిపించిన పెట్టె ఇరవై నాలుగు గంటలూ తెలుగు మాట్లాడవలసి వచ్చింది. అన్ని మాటలు ఎవరు వ్రాయాలి?

అమీర్‌పేట, పంజాగుట్ట, ఎల్లారెడ్డిగూడ, కృష్ణానగర్ గదులలో దిగిన కుర్రవాళ్ళు వ్రాశారు. త్రివిక్రమ్ శ్రీనివాస్, నటుడు సునీల్ సినిమాల్లోకి రాకముందు పంజాగుట్టలో ఒకే గదిలో ఉన్నారన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన కథ. ఈ కథలో నాకు గది కన్నా ముఖ్యంగా తోచేది శిష్యపరంపర. పరుచూరి సోదరుల దగ్గర పోసాని కృష్ణమురళి పనిచేశారు. పోసాని దగ్గర త్రివిక్రమ్ పనిచేశారు. 1999లో 'స్వయంవరం'తో త్రివిక్రమ్ మాటల రచయితగా తెరపైకి వచ్చారు. పరుచూరి గోపాలకృష్ణగారు స్వయంగా తెలుగు అధ్యాపకులు. వయసు మీదపడ్డాక 'పరుచూరి పాఠాలు' పేరిట యూట్యూబులో ఎవరికైనా ఉచితంగా పాఠాలు చెప్పారు. పంతులు ఎక్కడున్నా పంతులే.

అంటే మన దగ్గర నడిచింది గురుకులం. గురువుగారి ఇంట పనిచేస్తూ విద్య గ్రహించాలి. రుసుము లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. మంచి గురువు దొరికితే ఇంతకు మించిన చదువు లేదు. దొరకకపోతే మాత్రం శిష్యుడి బొటనవేలు పోతుంది. ఏకలవ్యుడి కథలో పోయింది వేలే, పేరు కాదు. ఇక్కడ పేరే పోతుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాం. కాయలు కాసిన చెట్టు పేరు దాచి అమ్ముకోవడం ఈ వీధులలో నేర్చుకోవాలి.

ఈ పరిస్థితుల్లోనే కొన్ని మంచి పనులూ జరిగాయి. గుణ్ణం గంగరాజుగారు నిర్మించిన 'అమృతం' 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీలో 313 భాగాలు నడిచింది. వారానికొకటి చొప్పున ఆరేళ్ళు. అత్తాకోడళ్ళ కన్నీళ్ళ మధ్య ఒక హోటలు యజమాని, అతని మిత్రుడు, వంటవాడు, ఇంటాయన వంటి కొద్ది పాత్రలతో అంతకాలం నవ్వించడం సామాన్యం కాదు. ఇందులోని రహస్యం నాకు పండిత పరిభాషలోనే తోస్తుంది. ప్రతి పాత్రకూ ఒక మారని స్వభావం ఉంది. అమృతరావుకు పైకి రావాలన్న ఆశ, ఆంజనేయులుకు స్నేహం విడవలేని బలహీనత. అది స్థాయి. వారం వారం మారేది సన్నివేశం ఒక్కటే. అది విభావం. కొత్త రచయిత ఎవరైనా ఈ స్వభావాలను పట్టుకొంటే ఆ ఇంట్లో ఒక పూట భోజనం చేసి రాగలడు. పాశ్చాత్యులు సిట్‌కాం అనే దాని బలం ఇదే. వచ్చిన కొత్తవాడు ఇల్లు కట్టనక్కరలేదు, కట్టిన ఇంట్లో దీపం పెడితే చాలు.

పత్రికలోకంలో 2001లోనే వరప్రసాదరెడ్డిగారి ప్రోత్సాహంతో 'హాసం' వచ్చింది. హాస్యానికి, సంగీతానికి అంకితమైన ఆ పత్రిక కొన్నేళ్ళకే ఆగిపోవడం నా దృష్టిలో కొత్త హాస్యరచయితలకు జరిగిన నష్టాలలో ఒకటి.

*

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మల్లెమాల సంస్థ 'జబర్దస్త్' మొదలుపెట్టింది. దీన్ని మెచ్చుకొంటే పండితులు నన్ను వెలివేస్తారు, తిడితే నా మనవలు వెలివేస్తారు. ఆ హాస్యంలో ఆడవాళ్ళను, శరీరాలను, రంగును వెక్కిరించడం ఎక్కువని వచ్చిన విమర్శ నిజమే. భరతుడి ఆరు మెట్లలో అది ఎక్కువ కాలం కింది రెండింటి మీదే నిలబడింది. అయినా, చరిత్ర వ్రాసేవాడు ఒక మాట ఒప్పుకోవాలి. పరిషత్తుల తరువాత పల్లెటూరి కుర్రవాడికి చేతికందిన పోటీ వేదిక ఇదే. జట్లు, జట్టుకొక నాయకుడు, తమ స్కిట్ తామే తయారు చేసుకోవాలి, ఎదురుగా మార్కులు వేసే న్యాయనిర్ణేతలు. పాత పరిషత్తు పద్ధతే, రంగు దీపాలు మాత్రం ఎక్కువ. అదిరే అభి జట్టుకు వ్రాస్తూ మొదలైన హైపర్ ఆది తానే జట్టు నాయకుడయ్యాడు. ఆ వేదిక మీద స్కిట్లు చేసిన వేణు యెల్దండి 2023 మార్చిలో 'బలగం' తీసి, కాకి ముద్ద ముట్టకపోవడమనే చావింటి సంగతితో తెలుగువాళ్ళను నవ్వించి ఏడిపించాడు. ధనరాజ్ 2025లో 'రామం రాఘవం'తో దర్శకుడయ్యాడు. ప్రహసనం నుంచి కరుణకు దారి ఉన్నదని వీళ్ళు చూపించారు.

కాని మా శిష్యుడి ప్రశ్న అక్కడే ఉంది. జట్టు నాయకుడి ముఖం అందరికీ తెలుస్తుంది. అతడి వెనుక రాత్రంతా మేలుకొని వ్రాసినవాడి సంగతేమిటి?

*

పరదేశంలో ఏం చేశారో చూశాను. బ్రిటన్‌లో రే గాల్టన్, ఆలన్ సింప్సన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు క్షయరోగుల ఆసుపత్రిలో పక్కపక్క రోగులుగా కలిశారు. ఆసుపత్రి రేడియోకు హాస్యం వ్రాశారు. పేరున్న రచయితలకు సలహా కోరుతూ ఉత్తరం వ్రాస్తే, వ్రాసినది బీబీసీకి పంపమని జవాబు వచ్చింది. 1954లో వాళ్ళు వ్రాసిన 'హాన్‌కాక్స్ హాఫ్ అవర్' మొదలై ఆ దేశపు హాస్యాన్నే మార్చింది. ఒక్క జవాబు ఎంత పని చేస్తుందో చూడండి.

తరువాత బీబీసీవారు ఆ జవాబునే ఒక ఏర్పాటుగా మార్చుకొన్నారు. 1970 నుంచి 1998 దాకా రేడియోలో నడిచిన 'వీక్ ఎండింగ్' అనే వార్తావ్యంగ్య కార్యక్రమానికి, ఎవరైనా సరే, వారం వారం జరిగే సమావేశానికి వెళ్ళి కూర్చోవచ్చు, వ్రాసి ఇవ్వవచ్చు. తీసుకొన్న ముక్కకు నిమిషాల లెక్కన డబ్బు, చివర రచయితల పేర్లు. 2000లో కొత్త రచయితల కోసమే 'రైటర్స్‌రూమ్' అనే విభాగం పెట్టారు. 2009లో 'న్యూస్‌జాక్' వచ్చి, మళ్ళీ అందరినుంచీ చిన్న చిన్న ముక్కలు ఆహ్వానించింది. ఇందులో మాయమంత్రం లేదు. చిన్న నిడివి, గట్టి గడువు, చేతికి కొంత డబ్బు, చెవికి వినబడే పేరు. ఈ నాలుగూ ఉంటే కొత్తవాడు నిలబడతాడు. మనదగ్గర మొదటి రెండూ పుష్కలంగా ఉన్నాయి.

పేరు సంగతిలో మన చట్టం గుడ్డిది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం, రచన మీది హక్కులు అమ్ముకొన్న తరువాత కూడా అది నాదని చెప్పుకొనే హక్కు రచయితకు ఉంటుంది. 2012 సవరణ సినిమాలో వాడిన రచనల రాయల్టీ విషయంలో రచయితకు మరికొంత రక్షణ ఇచ్చింది. అయితే హక్కు ఉండడం వేరు, నోరు తెరిచి అడగడం వేరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే వచ్చే వారం పని పెట్టరని మావాడి భయం. వాడి పేరు ఇక్కడ వ్రాయకపోవడానికి కారణం అదే.

*

2024లో తెలంగాణలో 11,062 పోస్టులకు డీఎస్సీ పరీక్షలు జరిగాయి. మావాడు బీఎడ్ చేసి ఉన్నాడు. దరఖాస్తు పెట్టించాను, హాల్‌టికెట్టు కూడా వచ్చింది. పరీక్షకు ముందురోజు రాత్రి వాడి స్కిట్ షూటింగు తెల్లవారుజాము దాకా సాగింది. పరీక్షకు వెళ్ళలేదు. విని నేను నోటికి వచ్చినట్టు తిట్టాను. "వాళ్ళ నాయన కూలికి పోయి చదివించినది పేరు పడని తెరకోసమా?" అన్నాను. వాడు తల దించుకొని వెళ్ళిపోయాడు. మూడు నెలలు కనబడలేదు.

ఆ మూడు నెలలూ నాకు నిద్ర సరిగా పట్టలేదు. నేను తిట్టినది వాణ్ణా, లేక 1985లో నాటికను పెట్టెలో పెట్టేసిన నన్నా అని అనుమానం వచ్చింది. డీఎస్సీ మంచి సలహాయే, ఇప్పటికీ అదే అంటాను. కాని వాడు నన్ను సలహా అడగలేదు. తాను వ్రాసినది చూడమని అడిగాడు. నేనూ ఖాళీ గళ్ళ కాగితమే చేతిలో పెట్టాను.

దీపావళి దాటిన తరువాత ఒక ఆదివారం వాడే వచ్చాడు. చేతిలో రెండు వందల పేజీల నోటుబుక్కు. "తిడితే తిట్టుండ్రి సార్. గని ఎర్ర సిరాతోటి తిట్టుండ్రి" అన్నాడు. కూర్చోబెట్టి పుస్తకం అంతా దిద్దాను. ఎక్కడ మాట ఎక్కువైందో, ఎక్కడ ఎదుటివాడి పేదరికాన్ని చూసి నవ్వాడో, ఎక్కడ నిజంగా నవ్వు పుట్టిందో పక్కన వ్రాశాను. నాలుగు చోట్ల నేనే గట్టిగా నవ్వాను. లోపలినుంచి మా ఆవిడ వచ్చి చూసి వెళ్ళింది.

వాడు వెళ్ళబోతుంటే ఏం బుద్ధి పుట్టిందో, ట్రంకుపెట్టె తీసి 'సంధి కుదిరింది' చేతిలో పెట్టాను. అచ్చు కాగితం ఇంకా దానికి గుచ్చే ఉంది. వాడు అరుగుమీదే కూర్చొని అరగంటలో చదివాడు. రెండుసార్లు నవ్వాడు. నేను పరీక్ష వ్రాసిన పిల్లవాడిలా నిలబడ్డాను.

"సార్, మంచిగున్నది. గని నవ్వు ఏడో పేజీల మొదలైతున్నది. ముందటి ఆరు పేజీలు మీరు పాఠం చెప్పిండ్రు. పెళ్ళిపిల్ల మొదటి పేజీలనే రావాలె. ఆమెకు ఈయన కంటె ఎక్కువ వ్యాకరణం రావాలె."

నలభై ఏళ్ళ తరువాత ఒక గడిలో టిక్కు పడింది. అంతకన్నా సరైన విమర్శ నా నాటికకు మరొకటి ఉండదు.

ఇప్పుడు ఆదివారాలు ముగ్గురు వస్తున్నారు. మావాడు, వాడి గదిలో ఉండే మరో ఇద్దరు. వ్రాసినది చదువుతారు, నేను దిద్దుతాను, వాళ్ళు నన్ను దిద్దుతారు. ప్రతి కాగితం చివర పేరు, తేదీ వేసి, ఒక నకలు నా బీరువాలో ఉంచి వెళ్ళమంటున్నాను. రేపెప్పుడైనా "ఇది నాది" అని చెప్పవలసి వస్తే, చూపించడానికి ఒక కాగితమన్నా ఉండాలి కదా. మావాడి పేరు ఇంకా తెరమీద పడలేదు. తదుపరి డీఎస్సీకి చదువుతానని మాట ఇచ్చాడు. వాడి మాట మీద నాకు సగమే నమ్మకం.

మొన్న అమీర్‌పేట టీ కొట్టులో టీవీ నడుస్తున్నది. వాడు వ్రాసిన స్కిట్ వస్తున్నదట, నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక మాటకు హాస్టలు పిల్లలు పదిమంది ఒక్కసారిగా నవ్వారు. కొట్టువాడు పాలు పొంగుతున్నా చూసుకోలేదు. ఆ మాట ఎవరిదో అక్కడ మా ఇద్దరికే తెలుసు. వాడు నావైపు చూడలేదు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనీయలేదు.

మిత్రులలో పరిషత్తులకు, రేడియోకు, టీవీకి హాస్యం వ్రాసినవారు ఉంటే, మీకు తొలి జవాబు ఎవరు ఇచ్చారో తెలియజేయండి. మా ఆదివారం పిల్లలకు చదివి వినిపిస్తాను. నవ్వు ఏ నాలుగు విధాల చేటో తెలిసినవారు ఉంటే, అదీ చెప్పి పుణ్యం కట్టుకోండి.